కుక్కను నిమిరేటప్పుడు దాని ఒంటిని చదవడం ఎలా?

తెనాలిలో మా పిన్నిగారింట్లో తెల్లటి పామరేనియన్ ఒకటి ఉండేది. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక అది మంచం కింద పడుకుని ఉండగా నేను వంగి, చెయ్యి లోపలికి పెట్టి దాని నెత్తి నిమిరాను. అది రెండుసార్లు ముక్కు నాక్కుంది. చేతికి కూర వాసన అంటుకుని ఉందేమోనని నవ్వుకున్నాను. ముఖం గోడవైపు తిప్పుకుంది. సిగ్గుపడుతోంది చూడమని పిన్నితో అన్నాను. తర్వాత అది కదలకుండా ఉండిపోయింది. హాయిగా ఉన్నట్టుందని ఇంకాస్త గట్టిగా నిమిరాను. మరుక్షణం నా చూపుడువేలు దాని పళ్ళ మధ్య ఉంది. ఉలుకూ పలుకూ లేకుండా కరిచేసిందని ఇంటిల్లిపాదీ దాన్ని తిట్టారు. ఆలోచిస్తే అది మూడుసార్లు చెప్పింది, నాకు చదవడం రాలేదు.

ఆ మూడు సైగలూ అరుదైనవేమీ కావు. ముక్కు నాక్కోవడం, ఆవులించడం, తల పక్కకు తిప్పుకోవడం వంటివాటిని నార్వేకు చెందిన శిక్షకురాలు టూరిడ్ రూగాస్ శాంతింపజేసే సంకేతాలని పిలిచారు. ఎదుటివారిని, ఒక్కోసారి తనను తాను, నెమ్మదింపజేయడానికి కుక్క వాడే సైగలన్నమాట. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ ఇలాంటివాటిని నిచ్చెన మెట్లలా పేర్చి చూపారు. అడుగున ఆవులింత, రెప్పలు ఆర్పడం, ముక్కు నాక్కోవడం ఉంటాయి. ఆపైన ముఖం తిప్పుకోవడం, ఒళ్ళే తిప్పుకోవడం, లేచి జరిగిపోవడం, చెవులు వెనక్కి వాల్చి తోకను కాళ్ళ మధ్యకు లాక్కోవడం, పడుకుని కాలెత్తడం వరుసగా వస్తాయి. బిగుసుకుని గుచ్చి చూడటం, గుర్రుమనడం, గాలిని కొరకడం కూడా దాటాక చిట్టచివరి మెట్టు మీద కాటు ఉంటుంది. ప్రతి కుక్కా ప్రతి మెట్టూ ఎక్కదు. కింది మెట్ల మీద ఎంత చెప్పినా ఎవరూ పట్టించుకోరని అనుభవంతో తెలుసుకున్న కుక్క తర్వాత్తర్వాత నేరుగా పైమెట్టుకే వెళ్ళవచ్చు. మంచం కింద ఉన్నదానికైతే లేచి జరిగిపోయే మెట్టే లేకుండా నేను అడ్డంగా కూర్చున్నాను.

ముట్టుకోవడానికి ముందు

యజమాని పక్కనే ఉంటే అడిగి ముట్టుకోవడం మర్యాద. అయితే కరుస్తుందా అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "అబ్బే, ఏమీ అనదండీ." ఆ మాటలో అబద్ధం లేకపోవచ్చు గానీ మనకు పనికొచ్చే సంగతీ లేదు, ఎందుకంటే వారిని అది నిజంగానే ఏమీ అనదు. దీన్ని ఎక్కడ నిమిరితే ఇష్టపడుతుంది, ఎక్కడ చెయ్యి వేస్తే ఒప్పుకోదు అని అడిగి చూడండి. చెవుల జోలికి మాత్రం వెళ్ళవద్దని, పోయిన నెల చెవిలో చీము పట్టిందని అప్పుడు గుర్తొచ్చి చెబుతారు.

కట్టేసి ఉన్న కుక్క, తింటున్న కుక్క, నిద్రపోతున్న కుక్క, కూనలతో ఉన్న తల్లి, కారు కింద దూరిన కుక్క, వీటిని నిమరాలనే ఆలోచనే పెట్టుకోకండి. తప్పుకుని పోయే దారి లేని కుక్క, విడిచి వెళ్ళలేనిదేదో దగ్గరున్న కుక్క మనసు మార్చుకునే స్వేచ్ఛ లేనివి. వీధికుక్క చెవి అంచున చిన్న కోత కనిపిస్తే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారని అర్థం, సాధారణంగా అప్పుడే రేబిస్ టీకా కూడా వేస్తారు. మనుషులు ముట్టుకుంటే అది ఊరుకుంటుందని మాత్రం ఆ కోత చెప్పదు.

బారెడు దూరంలో ఆగి, కుక్కకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి నిలబడండి, లేదా గొంతుకూర్చోండి. దాని మీదికి వంగకండి, కళ్ళలోకి తేరిపార చూడకండి. చాలామంది పిడికిలి బిగించి దాని ముక్కు ముందుకు తోస్తారు, వాసన చూడనిద్దామని. మీరు పొద్దున ఏం తిన్నారో అంత దూరం నుంచే పసిగట్టగల జంతువుకు ఆ సాయం అక్కరలేదు; చెయ్యిని మీ తొడ పక్కన వదులుగా వేలాడనిస్తే చాలు. కావాలనుకుంటే అదే వస్తుంది.

అది వచ్చే తీరును గమనించండి. ఇష్టంగా వచ్చే కుక్క బాణంలా సూటిగా రాదు. కాస్త వంపు తిరిగి, నడుము ఊపుకుంటూ, ఒళ్ళంతా వదులుగా పెట్టుకుని వస్తుంది. వెనక కాళ్ళను ఉన్నచోటే ఊని, మెడను మాత్రం ముందుకు సాచి వాసన చూసే కుక్కకు కావలసింది మీ వివరాలే, మీ చెయ్యి కాదు. పక్కవాటాలో కొత్తగా దిగినవారి గుమ్మం ముందు నడక నెమ్మది చేసి, లోపలికి ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోయే మనిషి కుతూహలం వంటిది అది. చూసి వెళ్ళనివ్వండి.

మూడు లెక్కపెట్టి ఆపడం

మొదట చెయ్యి వేయవలసిన చోటు ఛాతీ, భుజం లేదా మెడ పక్కభాగం. మన అలవాటేమో నెత్తి మీద తట్టడం. కుక్కవైపు నుంచి చూస్తే తన కళ్ళకు పైనుంచి ఒక పెద్ద అరచెయ్యి దిగివస్తోంది, అది ఎక్కడ వాలబోతోందో తనకు కనబడదు. పరిచయమున్న కుక్కలు దీన్ని సహిస్తాయి. సహించడాన్నే మనం ఇష్టమని లెక్కవేసుకుంటాం. పాదాలు, తోక, మోర కూడా కొత్తవారు తాకదగిన చోట్లు కావు. తట్టడం మాని, వెంట్రుకలు వాలిన దిశలో నెమ్మదిగా నిమరండి. మనసులో మూడు లెక్కపెట్టుకుని చెయ్యి తీసేసి, ఒడిలో పెట్టుకుని ఊరుకోండి.

ఈ విద్యకంతటికీ కీలకం ఈ ఆపడమే. చెయ్యి ఒంటి మీద ఉన్నంతసేపూ కుక్క ఆనందిస్తోందో ఓర్చుకుంటోందో తేల్చుకోవడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టం. చెయ్యి తీసేశాక అది ఏం చేస్తుందో చూస్తే చాలావరకు తేలిపోతుంది.

మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో వాచ్‌మన్ వాళ్ళు పెంచిన మల్లి అనే ఊరకుక్క ఉంది. సాయంత్రంపూట నేను మెట్ల మీద కూర్చుని దాని ఛాతీ గోకి ఆపితే, అది అర అడుగు ముందుకు వేసి, మోరను నా మణికట్టు కిందికి దూర్చి, చేతిని పైకి ఎగదోస్తుంది. కళ్ళు సగం మూతపడి ఉంటాయి. మళ్ళీ గోకడం మొదలుపెడితే ఒంటి బరువంతా నా మోకాలి మీద మోపుతుంది. ఇదే మల్లి, నీళ్ళ ట్యాంకరు వచ్చి హోరెత్తించి వెళ్ళిన రోజున, మూడు లెక్కపెట్టి ఆపగానే ఒక్కసారి తల నుంచి తోక దాకా స్నానం చేయించినట్టు విదిలించుకుని, స్కూటర్ల పక్కకు పోయి నాకు వీపు పెట్టి కూర్చుంది. మనిషీ అదే, చెయ్యీ అదే, ఛాతీ అదే; ఆ రోజుకు దానికి అక్కరలేదు.

మూడో రకం జవాబు ఉంది, అందరూ తప్పుచేసేది అక్కడే. చెయ్యి ఆపాక కుక్క దగ్గరికీ రాదు, దూరమూ పోదు, ఊరికే నిలబడి ఉంటుంది. దాన్ని నేను వద్దు అనే చదువుతాను. పొరబడితే పోయేది కాస్త నిమరడమే.

చేతిని నాకడం గురించి ఒక మాట చెప్పాలి. నాకితే ముద్దుపెడుతోందని మురిసిపోతాం, చాలాసార్లు అది నిజమే కూడా. కానీ మీరు ముట్టుకున్నప్పుడల్లా తల గబుక్కున తిప్పి, బిగువుగా, పదేపదే నాకి, ఆ చేతిని మోరతో పక్కకు నెట్టే కుక్క మీ చెయ్యి తీసేయమంటూ ఉండవచ్చు. ఇక్కడ కూడా పరీక్ష అదే: ఆపండి, అది వెంటబడి వస్తుందో, ఊపిరి పీల్చుకుని పక్కకు జరుగుతుందో చూడండి.

ముందు చేతికే తెలుస్తుంది

దూరం నుంచి చూసేవారికి లేని సౌకర్యం ఒకటి నిమిరేవారికి ఉంది. కుక్క మనసు మారిన సంగతి కంటికంటే ముందు అరచేతికి అందుతుంది. హాయిగా ఉన్న కుక్క భుజం మీద చర్మం వదులుగా, నానబెట్టిన పిండిలా చేతి కింద జరుగుతుంది. ఊపిరితో పక్కటెముకలు తాపీగా లేచి పడుతుంటాయి. ఇష్టం లేనిచోటికి చెయ్యి వెళ్ళగానే అదే భుజం బల్లలా గట్టిపడుతుంది, ఊపిరి ఒక క్షణం ఆగుతుంది. ఆ ఊపిరి ఆగిన క్షణం తెలిసిన మనిషికి గుర్రు వినవలసిన అవసరం చాలా అరుదుగా వస్తుంది. కాబట్టి నిమిరేటప్పుడు ఫోను చూసుకోవడం, పక్కవారితో ముచ్చట్లాడటం మానుకోండి.

కంటితో చూసేటప్పుడు ముందు ఒళ్ళంతా మెత్తగా ఉందా, బిగుసుకుని ఉందా అని చూసి, ఆ తర్వాతే ఒక్కొక్క భాగానికి రండి. నోరు త్వరగా చెబుతుంది. వదులుగా తెరుచుకుని, నాలుక పక్కకు జారి ఉన్న నోరు ఉన్నట్టుండి మూసుకుందంటే ఏదో మారింది, చెయ్యి ఆపండి. రొప్పడాన్ని మాత్రం వాతావరణంతో కలిపి చదవాలి. కుక్క ఒంటికి చెమట పట్టి చల్లబడే వీలు దాదాపు లేదు, అందుకని మే నెలలో విజయవాడ ఎండకు ఏ కుక్కైనా రొప్పుతుంది. ఏసీ గదిలో, పరుగూ ఆటా లేకుండా, పెదవుల మూలలు వెనక్కి లాగిపెట్టి రొప్పితే అది భయం కావచ్చు. దాని అరికాళ్ళకు మాత్రం చెమట పడుతుంది. పశువుల ఆసుపత్రిలో స్టీలు బల్ల మీద మీ కుక్క నిలబడిన చోట తడి పాదముద్రలు కనబడ్డాయా? అదీ భయానికి గుర్తే. అక్కడ దాన్ని బుజ్జగిస్తూ ముఖమంతా నిమిరే కంటే ఛాతీకి అరచెయ్యి కదలకుండా ఆనించి ఉంచడం నయమని నా అనుభవం.

కళ్ళు మామూలుగా బాదంగింజల్లా, మెత్తటి చూపుతో ఉంటాయి. తల ఒకవైపుకు ఉంచి చూపు మాత్రం మీ చేతి మీద నిలిపినప్పుడు కంటి మూలన తెల్లభాగం నెలవంకలా బయటపడుతుంది. ముఖ్యంగా నోట్లో ఎముకో బొమ్మో ఉన్నప్పుడు ఆ నెలవంక కనిపిస్తే వెంటనే వెనక్కి తగ్గండి. చెవులను జాతిని బట్టి చదవాలి. జర్మన్ షెపర్డ్ చెవులు రిక్కించడం వీధి చివరి నుంచి కనిపిస్తుంది. లాబ్రడార్ చెవులు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటాయి కాబట్టి వాటి మొదళ్ళు ముందుకు జరిగాయా, వెనక్కి జరిగాయా అని చూడాలి. పగ్ ముఖమైతే ఎప్పుడూ ముడతలే. అక్కడ నుదురు చూసి ఏదీ తేల్చలేం.

తోక గురించి ఎక్కువ చెప్పక తప్పదు, ఎందుకంటే తోక ఊపితే ఇష్టమనే నమ్మకం వల్ల కాట్లు తిన్నవారు చాలామంది ఉన్నారు. తోక ఊపడం వల్ల దానికి ఉత్సాహం కలిగిందని మాత్రమే తెలుస్తుంది. ఆ ఉత్సాహం చెలిమికో కలహానికో మిగతా ఒళ్ళు చెప్పాలి. వీపుకు సమంగానో కాస్త కిందికో దిగి, నడుముతో సహా విశాలంగా ఊగే తోక, ముఖ్యంగా గిరగిరా చక్రంలా తిరిగే తోక, స్నేహానిది. పైకి నిలిచి, కొస మాత్రమే చిన్నగా, గబగబా అదిరే తోక హెచ్చరిక. 1872లో భావప్రకటన మీద రాసిన పుస్తకంలో డార్విన్ ఈ తేడాను చక్కగా వర్ణించాడు: కొత్తమనిషి వస్తున్నాడనుకుని తోక నిక్కించి, రోమాలు లేపి, కాళ్ళు బిగించి నడిచే కుక్క, వచ్చేది తన యజమానేనని తెలియగానే ఒళ్ళు కిందికి వాల్చి, మెలికలు తిరుగుతూ, తోకను అటూ ఇటూ ఆడిస్తుంది. అంత మార్పుకూ పట్టేది రెప్పపాటే. 2007లో ఇటలీ పరిశోధకులు ఇంకో విశేషం బయటపెట్టారు. యజమానిని చూసినప్పుడు కుక్కల తోక తమ కుడివైపుకు, తెలియని పెత్తందారు కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు ఎక్కువగా ఊగిందని 30 కుక్కల మీద కొలిచి చెప్పారు. వినడానికి బాగుంటుంది గానీ వీధిలో ఎదురైన కుక్క తోక కుడికి ఊగుతోందా ఎడమకు ఊగుతోందా అని లెక్కవేస్తూ నిలబడమని నేనెవరికీ చెప్పను. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: పామరేనియన్ తోక పుట్టుకతోనే వీపు మీదికి చుట్టుకుని ఉంటుంది, కొన్ని వేటకుక్కల తోక ఎప్పుడూ కిందికే ఉంటుంది. ఆ కుక్క ఏ గొడవా లేకుండా నిలబడినప్పుడు దాని తోక ఎక్కడ ఉంటుందో ముందు తెలిస్తేనే పైకి లేచిందో కిందికి దిగిందో చెప్పగలం.

ఇక పొట్ట. వెల్లకిలా పడుకోగానే పొట్ట గోకమంటోందని అందరూ చేతులు చాపుతారు. ఒళ్ళంతా వంకరగా, కాళ్ళు తలో దిక్కుకు పడేసి, నోరు తెరుచుకుని దొర్లుతుంటే అది ఆహ్వానమే. తోకను పొట్టకు అతికించుకుని, పెదవులు బిగించి, చూపు పక్కకు పెట్టి, ఒక వెనక కాలు మాత్రం ఎత్తి బిగుసుకుని పడుకుంటే, దయచేసి నన్ను వదిలేయమని అర్థం. ఈ రెండో దాని పొట్ట మీద చెయ్యి వేయడం, దండం పెట్టిన మనిషిని చెయ్యి పట్టుకుని లాగడం వంటిది.

పిల్లలు, ముసలి కుక్కలు, గుర్రు

పిల్లలు ప్రేమను మెడ చుట్టూ చేతులు వేసి చూపిస్తారు. మనకు కౌగిలి ఎంత సహజమో కుక్కకు అంత ఇరుకు. మెడ కదలదు, పారిపోయే దారి లేదు, ఎదురుగా ఒక ముఖం తన ముఖానికి ఆనుకుని ఉంది. పిల్లలు కుక్కను వాటేసుకున్న ఫొటోలు మీ ఫోనులో ఉంటే ఒకసారి తీసి పిల్లల ముఖాలు వదిలేసి కుక్క ముఖమే చూడండి. తిప్పుకున్న తల, మూసిన నోరు, కంటి మూలన నెలవంక ఎన్నింటిలో ఉన్నాయో లెక్కపెట్టుకోండి. పిల్లలకు ఒంటిచేత్తో, భుజం మీద, మూడు లెక్కపెట్టే దాకా అనే నియమం ఆటలా నేర్పితే బాగా పట్టుబడుతుంది. అయిదారేళ్ళ పిల్లలు పెద్దల కంటే నిజాయితీగా లెక్కపెడతారు. అయినా పెద్దవారు పక్కన లేకుండా చిన్నపిల్లలను కుక్కతో వదలకండి.

ఏళ్ళ తరబడి నడుము మీద చెయ్యి వేయనిచ్చిన ముసలి కుక్క ఈమధ్య అక్కడ ముట్టుకోగానే చివుక్కున తిరిగి చూస్తోందంటే దానికి పొగరు రాలేదు, కీళ్ళు నొప్పి పెడుతూ ఉండవచ్చు. డాక్టరుకు చూపించండి.

మొరిగే కుక్క కరవదనే సామెతను నమ్ముకోకండి, మొరిగినవీ కరుస్తాయి. గుర్రుమన్నప్పుడు దాన్ని కొట్టడం ఇంకా పెద్ద తప్పు. గుర్రు అనేది కాటుకు ముందు అది మీకిచ్చే ఆఖరి మర్యాదల్లో ఒకటి. దెబ్బతో గుర్రు ఆగిపోవచ్చు, లోపలి భయం ఆగదు; ఇకమీదట చెప్పకుండా కరిచే కుక్కను మీరే తయారుచేసినవారవుతారు. గుర్రు వినగానే చెయ్యిని విదిలించి లాక్కోకుండా, ఆపి, నెమ్మదిగా వెనక్కి తీసుకుని, ముఖం పక్కకు తిప్పి, కుక్కకు దారి వదలండి. ఎందుకు గుర్రుమందో తర్వాత తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

అంత జాగ్రత్తపడ్డా పన్ను గానీ గోరు గానీ గీరుకుంటే, రక్తం రాకపోయినా, కుళాయి కింద ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం పెట్టుకుంటే తప్ప 15 నిమిషాలంటే ఎంతో తెలియదు. కారం, సున్నం, ఆకుపసరు పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి, రేబిస్ రాకుండా అవసరమైన టీకా వేయించుకోండి. చర్మం చీరి రక్తం వచ్చి ఉంటే దానితోపాటు గాయంలోకే ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వేయవలసి ఉంటుంది. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మం పొరల్లోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, అక్కడి నుంచి 3, 7, 28 రోజులకు వెళ్ళాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. కరిచింది ఇంటికుక్కే అయినా, దానికి టీకా వేయించి ఉన్నా, మానుకోవచ్చా లేదా అన్నది డాక్టరు చెప్పవలసిన మాట.

ముగించడం

నిమరడం మొదలుపెట్టడానికి పాటించినంత పద్ధతి ఆపడానికీ పాటిస్తే కుక్కకు అయోమయం ఉండదు. నేను ప్రతిసారీ ఒకే మాట వాడతాను: "చాలు." ఆ మాట అని, రెండు చేతులూ పైకి తీసి, ఖాళీ అరచేతులు చూపించి, లేచి పక్కకు తిరుగుతాను. మొదటి వారం మల్లికి అర్థం కాక నా చెప్పుల దాకా వెంట వచ్చింది. ఇప్పుడు ఆ మాట వినగానే ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుని, ఒకసారి ఆవులించి, లిఫ్టు పక్కన తన గోనెపట్టా మీదికి వెళ్ళి పడుకుంటుంది. ఈ ఆవులింత నిద్రదే.